తోలు ఆరేదాకా

ఏవండీ బావగారూ, నిద్రేనా? నిద్రపోతున్న మనిషి అంత పద్ధతిగా గురక పెట్టడండీ. రెండు గురకల మధ్య ఆగి, పక్కగదిలో బావమరిది ఏం చేస్తున్నాడో అని చెవి రిక్కించడు. అయినా పడుకోండి, నేనేం పైకి అనడం లేదు, లోపల అనుకుంటున్నాను. మనసులో వేళాకోళం ఆడితే ఎవరూ కేసు పెట్టరు కదా. బతుకంతా పెదపాడు బళ్లో కునికే పిల్లల మీదకి సుద్దముక్కలు విసిరిన యోసేపు మాస్టారు ఇవాళ మిట్టమధ్యాహ్నం కర్టెన్ వెనక దుప్పటి కప్పుకుని పడుకుంటే, సుద్దముక్క ఎవరు విసరాలి? నేనే విసరాలి. అందుకే తాడేపల్లిగూడెం నుంచి వచ్చాను. మీ ఏలూరు ఇంట్లో, ముందుగదిలో, మా సూరమ్మక్క కుట్టుమిషను పక్కన చాప మీద కూర్చుని, ఒళ్లో మీ బుల్లి బాంజో పెట్టుకుని, తోలు ఆరిందా లేదా అని వేలితో కొట్టి చూసుకుంటున్నాను. పొద్దున టంగుమంది. ఇప్పుడు టప్పుమంటోంది. బయట ముసురు. మీరు లేచి టీ తాగేలోపు ఇది పలకాలి. పలికితే నా ఎత్తు పారుతుంది, పారితే మీ ఎడం చెయ్యి దుప్పట్లోంచి బయటికి వస్తుంది. పక్షవాతం వచ్చి మాట బాగుపడినా, కాలు బాగుపడినా, ఆ చేతిని మాత్రం ఇక లేదనుకుని వదిలేశారటగా. డాక్టరమ్మ నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని వీధికుక్కకి విసిరేశారటగా. వాడని చెయ్యి అలాగే బిగుసుకుపోతుందని ఆవిడ చెప్పినా వినడం లేదట. అన్నీ మీ అమ్మాయి చెప్పింది. మీ అమ్మాయి కెజియా నా దగ్గర ఏదీ దాచదు.

కెజియమ్మ ఆ రోజు గూడెం ప్యాసింజర్ దిగి, సంచీ ఒళ్లో పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని నా సైకిలు దుకాణానికి వచ్చింది. నేను బెంచీ మీద పడుకుని ఉన్నాను. షట్టర్ సగం దించి ఉంది. అంటే బేరాల్లేవు, అంతే, ఇప్పుడు సైకిలు తొక్కేది ఎవరండీ, ఉల్లిపాయల మార్కెట్లో జట్టు కూలీలు కూడా బైకులే. దించిన షట్టర్ కింద నుంచి దాని చెప్పులు కనిపించాయి. లేవాలనిపించలేదు. మామూలుగా అయితే బెంచీ కింద దూరి కుక్కలా మొరిగి ఉండేవాణ్ణి, అది కూడా అందుకే కాసేపు బయటే నిలబడింది, మొరుగుతానని చూసింది పాపం. తర్వాత తనే వంగి లోపలికి వచ్చి, మావయ్యా, నాన్న చెయ్యి పాడైంది, ఇదీ పాడైంది, రెంటిలో ఒకటన్నా బాగుచెయ్యండి అని సంచీ నా పొట్ట మీద పెట్టింది. లేచి చూద్దును కదా, ఇది. మీ నాన్నగారి బాంజో. గుండ్రటి కంజీరకి జానెడు మెడ అతికించినట్టు, నాలుగు తీగలు, పొట్ట మీద తోలు. దీని అసలు పేరు బాంజో యుకులేలే అట, కెజియా ఫోన్లో చూసి చెప్పింది, ఎప్పుడో దొరసాని ఓడలో తెచ్చి, వెళ్లిపోతూ మీ నాన్నగారికి ఇచ్చిపోయిన సామాను. పక్క దుకాణం ఆయన తొంగి చూసి, బాంజో అంటే టైపు మిషనులా మీటలు నొక్కేది కదండీ అన్నాడు. ఇది దాని అమ్మమ్మ అని చెప్పాను. నమ్మాడు. చాలా రోజుల తర్వాత ఒక మనిషిని నమ్మించాను, నాలుక మీద పంచదార వేసినట్టు అయింది. తోలు మాత్రం మధ్యలో చిరిగిపోయి ఉంది. చిరగడం కాదు, కోత. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఎలకలు కొట్టేశాయి మావయ్యా అంది. మాస్టారి ఇంట్లో ఎలకలు కదా, గీత గీసుకుని మరీ కొరికాయి అనుకున్నాను.

టప్. ఇంకా టప్పే. ఏలూరులో డోలక్కులు కట్టే కొట్లో పల్చటి మేకతోలు ఒకటి దొరికింది, నిన్న మీ పెరట్లో బకెట్లో నానబెట్టి, సన్నటి తీగ చుట్టు మీద మడిచి, పైన ఇత్తడి కట్టు దించి, చుట్టూ కొక్కేలు బిగించాను. బిగించడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, సైకిలు చక్రం వంకర తీసే పని ఇది. ఇక్కడో స్పోకు అరచుట్టు, దానికి ఎదురుగా ఇంకోటి అరచుట్టు, మళ్లీ ఇటు, మళ్లీ అటు, ఏ పక్కకీ ఎక్కువ ప్రేమ చూపించకూడదు. ఐదో తరగతి తప్పిన వాడి వేళ్లకి కూడా ఆ మాత్రం న్యాయం తెలుస్తుంది. కానీ చక్రానికి వానతో పని లేదండీ, తోలుకి ఉంది. తడిలో ఎక్కువ బిగిస్తే ఆరేటప్పుడు తనంతట తను బిగుసుకుని మధ్యకి పగులుతుంది. బిగించకపోతే ఇదిగో ఇలా నానిన అప్పడంలా మెత్తబడుతుంది. కొల్లేటి మీద నుంచి వచ్చే ఈ గాలి ఉంది చూశారూ, దానికి గోడలు అడ్డం కావు, ఉప్పు డబ్బాలోకి దూరుతుంది, కుట్టుమిషను బెల్టులోకి దూరుతుంది, మీ మోకాళ్లలోకి దూరుతుంది. స్పానరు చేతిలో ఉంది. ఇంకో అరచుట్టు తిప్పనా? తిప్పాక ఎండ కాస్తే? ఆకాశం వంక చూస్తున్నాను, ఎదురింటి డాబా మీద తడిబట్టలు తీయాలా వద్దా అని ఒకావిడ కూడా ఆకాశం వంక చూస్తోంది, ఇద్దరం ఒకే పేపరు రాస్తున్నాం. కూర్చోలేను, లేవలేను. లేచి గుమ్మం దాకా వెళ్లాను. వచ్చి కూర్చున్నాను. టప్. మీ మంచం కిర్రుమంది. లేవకండి బాబూ, ఇప్పుడే లేవకండి.

తీగలు కూడా ఊరుకోవడం లేదు. వీటికి అసలు తీగలు బజార్లో దొరుకుతాయట, ఫోన్లో నొక్కితే ఇంటికి వస్తాయట, అక్కర్లేదన్నాను. మీ నాన్నగారు ఏం కట్టేవారు? గేలం దారం. కలిదిండిలో వలల దుకాణానికి వెళ్లి లావు ఒకటి, సన్నం ఒకటి, మధ్యరకం రెండు తెచ్చాను. ఏ చేపకండీ అని అడిగాడు. మాస్టారికి అన్నాను. దారం కొత్తది కదా, సాగుతోంది, బిగిస్తే కాసేపు బుద్ధిగా ఉండి మళ్లీ కిందికి జారుతుంది. మెడ పైన తిప్పే బిరడాలేమో నున్నగా అరిగిపోయి వెనక్కి తిరిగిపోతున్నాయి, వాటికి సుద్దపొడి రాయాల్సి వచ్చింది, రాయబోతే ఒక దానికి ముందే రాసి ఉంది, తెల్లగా, కొత్తగా. మీ చేతి సుద్దే అయ్యుంటుంది, మీ ఇంట్లో పప్పులో కూడా సుద్దపొడి ఉంటుంది. చెరువులన్నీ దాటుకుంటూ బస్సులో వస్తుంటే నీళ్లలో రొయ్యలకి గాలి కొట్టే చక్రాలు తెల్లగా తిరుగుతూ కనిపించాయి, గట్ల మీద గూడబాతులు, గట్టు వెనక గట్టు, చెరువు వెనక చెరువు, మన చిన్నప్పటి కొల్లేరు ఎక్కడ ఉందో వెతుక్కోవాలి. అప్పుడు అంతా ఒకే నీళ్లు. ఆదివారం పొద్దున్నే సండేస్కూలు పిల్లల్ని ఎక్కించుకోవడానికి మీ నాన్నగారు పడవ నెట్టేవారు, మీరు ముందర కూర్చుని దీన్ని వాయించేవారు, లంక వెనక లంక, వాయిద్యం వినపడగానే పిల్లలు లాగులు పైకి లాక్కుంటూ ఒడ్డుకి వచ్చేవారు. మా కొల్లేటికోట రేవులో మాత్రం ఒకడు తక్కువ వచ్చేవాడు. కిక్కిస రెల్లు దుబ్బు వెనక, పీకల్లోతు నీళ్లలో, నవ్వు ఆపుకుంటూ ఉండేవాడు. మీరు పేరు పెట్టి పిలిచేవారు కాదు. అరిచేవారు కాదు. డుంగ్ డుంగ్ అని రెండుసార్లు తీగలు మీటి, తోలు మీద వేలితో టక్‌మనేవారు. ఆ వరస ఇంకెవరికీ లేదు, రానివాడికే. డుంగ్ డుంగ్ టక్. మళ్లీ డుంగ్ డుంగ్ టక్. వాడు బయటికొచ్చేదాకా పడవ కదిలేది కాదు, మీ నాన్నగారు చుట్ట వెలిగించుకునేవారు. చలికి పళ్లు కొట్టుకుంటూ నేనే ఎక్కేవాణ్ణి. ఇప్పుడు చూడండి, మీరు దాక్కున్నారు, నేను రేవులో కూర్చున్నాను.

మీకు ఎవరినన్నా ఏడిపించడం రాదండీ, అదే మీతో చిక్కు. అక్కతో పెళ్లినాడు మీ కుడికాలి బూటులో బతికున్న మట్టగిడస చేపని వేశాను, అందరూ పడీపడీ నవ్వుతుంటే మీరు బూటు విప్పి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, నీళ్లు పోయండి పాపం, చచ్చిపోతుంది అన్నారు. మీరు రిటైరైన కొత్తలో గొంతు మార్చి ఫోన్ చేసి, మాస్టారూ, పక్షులు లెక్కపెట్టే పనికి మిమ్మల్ని వేశాం, గొడుగూ విజిలూ తెచ్చుకోండి అన్నాను. తెల్లారగట్ల వెళ్లి ఆటపాక గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డారట, ఎవరూ రాలేదట. సాయంత్రం నాకు ఫోన్ చేసి తిడతారనుకుంటే, ఏసూ, గూడబాతులు పిల్లలకి గొంతులోంచి తినిపిస్తాయి తెలుసా, నువ్వూ వస్తే బాగుండేది అన్నారు. నవ్వి నవ్వి నేను కుర్చీలోంచి పడ్డాను, మా ఆవిడ సంతోషమ్మేమో, ఆయన్ని అలా ఏడిపిస్తే మీకు పాపం చుట్టుకుంటుంది అంటూనే చీరచెంగు నోట్లో కుక్కుకుంది. దాని నవ్వు బయటికి రాదు, భుజాలు మాత్రం ఊగుతాయి. ఊగేవి. అది వదిలేయండి. ఏం చెబుతున్నాను? మీకు అబద్ధం రాదు. బైబిల్ చదివినంత నెమ్మదిగా నిజం చెబుతారు. అందుకే మీమీద ఎత్తు వేయడం నాకు మహా తేలిక.

ఎత్తు ఏమిటంటే, గుర్రం. తీగలు ఎక్కి నడిచే చిన్న చెక్క, తోలు మీద నిలబడేది, దాన్ని గుర్రం అంటారు. జిగురుతో అంటించరు, తీగల బరువుకే నిలబడుతుంది, వేలితో తోస్తే అటూ ఇటూ జరుగుతుంది. సంచీలో గుర్రం లేదు, ఎక్కడో పడిపోయింది మావయ్యా అంది. గట్టి చెక్క కావాలి, బాగా ఎండినది, పల్చనిది. చిరిగిన తోలు మీద డబ్బా మూత పరిచి పరీక్షిస్తే, గూడెంలో వడ్రంగి ఇచ్చిన టేకు ముక్క తీగల కింద మూగబోయింది, వెదురు వేస్తే గీపెట్టింది. ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. కిటికీ గూట్లో చెక్క దువ్వెన ఉంది. పోయిన వానాకాలం నుంచి అక్కడే ఉంది, పళ్ల మధ్య రెండు వెంట్రుకలు, నెరిసినది ఒకటి, నల్లది ఒకటి. దుమ్ము దులపడానికి వచ్చే అమ్మాయిని కూడా ఆ గూడు ముట్టుకోనివ్వలేదు. నూనె తాగి తాగి ఆ చెక్క రాయిలా ఉంది. చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీశాను. షట్టర్ పూర్తిగా ఎత్తితే గానీ వెలుతురు చాలదు, ఎత్తాను. రంపం పెట్టేటప్పుడు రెండుసార్లు గీత తప్పింది, వయసు అండీ, ఇంకేం కాదు. పళ్లు కోసేసి, వీపు భాగాన్ని ఆకురాయితో రుద్ది, మూడు కాళ్ల గుర్రం చేశాను. అదే మూత మీద నిలబెట్టి, తీగ ఎక్కించి మీటితే దుకాణం అంతా పలికింది. పక్క దుకాణం ఆయన, అమ్మమ్మ లేచిందాండీ అని కేకేశాడు. ఆ రోజు రాత్రి అన్నం తిన్నాను. అంటే రోజూ తింటాను. అది వదిలేయండి. గుర్రం ఎక్కడ నిలబడాలో దానికో లెక్క ఉంది. తీగ పొడవుకి సరిగ్గా సగంలో, మెడ మీద అడ్డంగా ఉన్న మెట్టు మీద వేలు నొక్కి మీటితే ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో వినపడాలి. గుర్రం రవ్వంత పక్కకి జరిగిందా, ఖాళీ తీగలు శ్రుతిగానే ఉంటాయి, వేలు పడిన ప్రతి మెట్టూ పంటికింద రాయిలా తగులుతుంది. మామూలు వాళ్లు కనిపెట్టలేరు. మీరు భరించలేరు. మీరు లేచి వచ్చాక నేను ఇలా జరిపి, అమాయకంగా వాయిస్తాను. మీరు లాక్కుంటారు. కుడిచేత్తో మీటాలి, మరి మెట్టు నొక్కడానికి? ఎడం చెయ్యే కదా బయటికి తీయాలి. బంతి కుక్కకి వేయచ్చు, అపశ్రుతిని ఏ కుక్కకి వేస్తారు?

అక్క వంటింట్లోంచి వచ్చి, ఏరా, ఇంకా ఆరలేదా అంది. నా మొహం వంక చూసింది. చిక్కిపోయావు అనబోయి, టీలో పంచదార ఎంత అని అడిగింది. నేను ఎంత తాగుతానో పుట్టినప్పటి నుంచి తెలుసు దానికి. నిన్న దిగినప్పుడు కూడా వాకిట్లో నా చెయ్యి పట్టుకుని వదలలేదు, జబ్బు పడింది మీరు కాదు నేనే అన్నట్టు. ఆసుపత్రిలో చూసి వెళ్లాక ఇదే రావడం కదా. రావాలనే అనుకుంటాను, స్టేషన్ దాకా వెళ్తాను, ఏలూరు వైపు బండి వస్తుంది, పోతుంది. ఒక్కడూ ఎక్కడం కొత్త. అది వదిలేయండి. ఎండ వచ్చింది. బావగారూ, ఎండ. ఎదురింటావిడ తీసిన బట్టలు మళ్లీ ఆరేస్తోంది. చాప గుమ్మం దగ్గరికి లాక్కున్నాను, బాంజోని ఎండకి చూపించి వెంటనే నీడకి తీసుకున్నాను, కోడిగుడ్డు వేడి చూసినట్టు. తోలు చిటుక్కుమంది. పగల్లేదు, బిగుసుకుంటోంది, అంతే. టప్. టఫ్. టంగ్. ఓ కొక్కెం అరచుట్టు వదులు చేశాను, ఎదురుది కూడా. టంగ్. దారాలు బిగించాను. జారాయి. బిగించాను. నిలిచాయి. వేళ్లకి చెమట, పంచెకి తుడుచుకున్నాను. గుర్రాన్ని బొటనవేలితో వెనక్కి తోశాను, గోరు మందం. క్షమించవే సంతోషమ్మా, మన పని అయ్యాక సరిచేస్తాలే.

మంచం కిర్రుమంది. ఈసారి నిజంగా లేచారు. కర్టెన్ కుడిచేత్తో తోసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు, ఎడం చెయ్యి తువ్వాలు కింద, నిన్న నుంచి అక్కడే ఉంది పాపం ఆ చెయ్యి. ఆరిందా అన్నారు. ఆరిందండీ, విని చెప్పండి అన్నాను. ఖాళీ తీగలు మీటాను. తల ఊపారు. మెట్ల మీద వేళ్లు వేసి నాకొచ్చిన నాలుగు ముక్కలూ వాయించాను. మీ కనుబొమ్మ లేచింది. వాయిస్తూనే ఉన్నాను. మీ దవడ బిగిసింది. ఇంకా వాయించాను, వీధిలో కుక్క లేచి వెళ్లిపోయింది.

“ఇలా తే.”

తువ్వాలు జారింది. ఎడం చెయ్యి వచ్చింది, వచ్చి మెడ పట్టుకుంది, వేళ్లు ఒకటి తర్వాత ఒకటి తీగల మీద దిగాయి, సగం దగ్గర మెట్టు వెతికి నొక్కాయి, మీటారు, విన్నారు, గుర్రాన్ని బొటనవేలితో గోరు మందం ముందుకి జరిపారు, మళ్లీ మీటారు. తేనె. నా ఎత్తులో పడ్డారు. బావగారు పడ్డారు.

“అక్కా, ఇలా రా, బావగారి చెయ్యి లేచింది,” అని కేకేశాను.

అక్క చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆశ్చర్యపోవాలి కదా, పోలేదు. దాని వెనక కెజియా, చున్నీ నోట్లో కుక్కుకుని ఉంది, భుజాలు ఊగుతున్నాయి. అచ్చం వాళ్ల అత్తయ్యలా.

“ఇంక చెప్పేయండి,” అంది అక్క మీతో. “వాడి మొహం చూడలేకపోతున్నాను.”

మీరు ఎడం చేతి వేళ్లు మెట్ల మీద తీరిగ్గా సర్దుకుని, నా వంక చూసి వాయించారు. డుంగ్ డుంగ్ టక్. ఆగారు. డుంగ్ డుంగ్ టక్.

“చెయ్యి ఎండాకాలంలోనే వచ్చేసిందోయ్, ఏసూ,” అన్నారు, బైబిల్ చదివినంత నెమ్మదిగా. “రాంది నువ్వే. ఫోన్ చేసి రమ్మంటే వేళాకోళం ఆడి పెట్టేసేవాడివి. పని ఇస్తే వస్తావని అమ్మాయి అంది.”

గుమ్మంలో ఎండ. ఒళ్లో ఏమీ లేక నా చేతులు ఖాళీగా ఉన్నాయి. దువ్వెన చెక్క మీ ఒళ్లో మెరుస్తోంది. నవ్వాలో ఏడవాలో తేలక, ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేస్తానని, “మరి ఎలకలండీ?” అన్నాను.

మీరు ఎడం చెయ్యి పైకెత్తి, ఐదు వేళ్లూ ముడిచి విప్పి చూపించారు.

“ఈ చేత్తోనే కోశాను, బ్లేడు పట్టుకుని. గీత తిన్నగా వచ్చిందా?”